ఆపరేషన్ తర్వాత నాన్నగారు చిక్కిపోతున్నారు... బలానికి సెలైన్ పెట్టించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రెండు నెలల క్రితం జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. అప్పుడు 62 కిలోలున్న మనిషి ఇప్పుడు 53కు వచ్చారు. పప్పు, గుడ్డు, చేప తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు అనడంతో ఇడ్లీ, చారన్నం, గంజి మాత్రమే పెడుతున్నాం. వాకర్‌తో నాలుగడుగులు వేసి నీరసంగా కూర్చుండిపోతున్నారు. రక్తపరీక్షలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) 2.9 వచ్చింది. బలానికి సెలైన్ గానీ ఆల్బుమిన్ ఇంజెక్షన్ గానీ పెట్టించమంటారా?
– ఓ పాఠకుడు, గాజువాక

సమాధానం: పెద్ద వయసులో ఆపరేషన్ అయ్యాక కొంత చిక్కడం మామూలేనని సరిపెట్టుకునే పరిస్థితి కాదిది. 62 నుంచి 53కు దిగారంటే రెండు నెలల్లోనే శరీర బరువులో 14 శాతానికి పైగా పోయింది; ఆరు నెలల్లో 5 శాతం మించి తగ్గినా పోషకాహార లోపం ఉందేమోనని మేం చూస్తాం. ఆయన ఎత్తుకు ఈ బరువుతో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 19.5 దగ్గర ఉంటుంది. వయసులో ఉన్నవారికి ఇది ఫర్వాలేదు గానీ, 70 దాటిన మనవాళ్లకు 20 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. పోషకాహార లోపం ముప్పును అంచనా వేయడానికి ఆసుపత్రుల్లో వాడే ‘మస్ట్’ అనే పరీక్షలో రెండు మార్కులు వస్తేనే ముప్పు ఎక్కువని అర్థం. మీరిచ్చిన వివరాలతో నాన్నగారికి మూడు వస్తాయి. టైలరు టేపుతో పిక్క లావుగా ఉన్నచోట కొలిచి చూడండి, 31 సెంటీమీటర్ల లోపు ఉంటే కండ బాగా కరిగిపోయినట్టే. అయితే పాదాలకు నీరు పట్టి ఉంటే బరువు, పిక్క కొలత రెండూ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక సెలైన్ సంగతి. 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసా లీటరు ఎక్కించినా అందేది 50 గ్రాముల గ్లూకోజు, అంటే 200 కేలరీలకు లోపే; ప్రోటీన్ అందులో అసలే ఉండదు, షుగర్ మాత్రం పెరుగుతుంది. మామూలు సెలైన్‌లోనైతే ఉన్నది నీరు, ఉప్పే. ఆల్బుమిన్ ఇంజెక్షన్ కూడా ఆహారానికి ప్రత్యామ్నాయం కాదు. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నా, కాలేయం, కిడ్నీ జబ్బులున్నా ఆల్బుమిన్ తగ్గుతుంది కాబట్టి, ఆ ఒక్క అంకెతో తిండి సరిపోతోందో లేదో తేల్చలేం. వేల రూపాయలు ఆ సీసాల మీద పెట్టకండి.

పప్పు, గుడ్డు వల్ల చీము పడుతుందన్న మాట ఉత్తరాంధ్ర ఇళ్లలో చాలా బలంగా నాటుకుపోయింది. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల; షుగర్ అదుపులో లేకపోయినా, ఒంట్లో ప్రోటీన్ చాలకపోయినా ఆ ముప్పు పెరుగుతుంది. గాయం మానడానికి కావలసిన సరుకునే పథ్యం పేరుతో ఆపేస్తున్నారన్నమాట. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు నొప్పించకుండా చెప్పే బాధ్యత మీరే తీసుకోవాలి.

కిడ్నీలు బాగున్నాయని క్రియాటినిన్ పరీక్షలో తేలితే, నాన్నగారికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్, అంటే 65 నుంచి 80 గ్రాములు అందాలి. రెండు గుడ్లలో 12 గ్రాములు, అర లీటరు పాలు, పెరుగులో 16, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాములు ఉంటాయి. ముద్దపప్పు, ఇడ్లీ, అన్నం కలిస్తే లెక్క సరిపోతుంది. సముద్రం పక్కనే ఉన్నాం. కానాగంతలు, వంజరం ముళ్లు తీసి పులుసులో మెత్తగా పెడితే వృద్ధులు ఇష్టంగానే తింటారు. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ పల్చగా నీళ్లలా కాచి కడుపు నింపేయకుండా, కాస్త చిక్కగా కాచి గట్టి పెరుగు కలపండి. మూడు పూటలా పెద్ద కంచం కాకుండా ఆరుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. ఇవన్నీ పెట్టినా చాలకపోతేనే ప్రోటీన్ పొడి గురించి ఆలోచిద్దాం, అదీ చక్కెర తక్కువ ఉన్నది చూసుకుని. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు మానకూడదు. మంచం మీదే ఉంటే తిన్నది కండగా మారదు.

ఎందుకు తినలేకపోతున్నారో కూడా చూడాలి. బరువు తగ్గాక కట్టుడు పళ్లు వదులై ఉండొచ్చు. నొప్పి మాత్రలతో మలబద్ధకం వచ్చి ఆకలి చచ్చి ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి ఆకలి తగ్గిస్తుంది, అలాగని మీ అంతట మీరు ఆపకండి. దిగులు కూడా కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, ఛాతీ ఎక్స్‌రే ఒకసారి చేయించండి. బరువు ఇంతగా తగ్గినప్పుడు క్షయ, క్యాన్సర్ లేవని తేల్చుకోవడం తప్పనిసరి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరువకండి. పది రోజులకు పైగా దాదాపు ఏమీ తినకుండా గుక్కెడు గంజితోనే గడిపి ఉంటే, పై జాబితా చూసి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. పస్తున్న శరీరానికి హఠాత్తుగా ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అలాంటివారిని ఆసుపత్రిలో ఉంచి, ముందు థయామిన్ (విటమిన్ బీ1) ఇచ్చి, తక్కువ కేలరీలతో మొదలుపెట్టి రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచుతారు. మింగేటప్పుడు దగ్గు వస్తున్నా, మగతగా ఉంటున్నా, కుట్ల దగ్గర ఎర్రబడి రసి కారుతున్నా ఇంట్లో ప్రయత్నాలు ఆపి వెంటనే విశాఖలోని కేజీహెచ్ పెద్దాసుపత్రికో, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికో తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోతే ప్రతి ఆదివారం ఉదయం ఒకే తూకంపై బరువు చూసి, ఏం తిన్నారో రాసి పెట్టుకుని, రెండు వారాల తర్వాత ఆ కాగితంతో డాక్టరును, వీలైతే డైటీషియన్‌నూ కలవండి.