డిక్కీలో చోటుందా అన్నా? (మీ ప్రశ్నలు, మా జవాబులు)

పోయిన నెల ఈ పేజీలో బెంగళూరు క్యాబుల గురించి నాలుగు లైన్లు రాశాను, వీల్‌చెయిర్ ఉన్నవాళ్లకి బండి దొరకడం ఎంత కష్టమో. దానికి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు ఇంకా చదువుతూనే ఉన్నా. అందులో నాలుగు ఇక్కడ వేస్తున్నాం. నేను కూడా పద్నాలుగేళ్లుగా వీల్‌చెయిర్‌లోనే తిరుగుతున్నా కాబట్టి తెలిసినంతలో చెప్తా.

ప్రశ్న: అక్కా, మాది నంద్యాల, పెళ్లయ్యాక మారతహళ్లిలో ఉంటున్నాం. మా నాన్నకి మార్చిలో పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, ఇక్కడికే తెచ్చుకున్నాం. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి, ఆరు కిలోమీటర్లే. బుక్ చేస్తే బండి వస్తుంది, వీల్‌చెయిర్ చూడగానే "డిక్కీలో సిలిండర్ ఉంది మేడం, మీరే క్యాన్సిల్ చేయండి" అంటారు. నేను చేస్తే చార్జీ నాకే పడుతోంది. ఒకాయన రెండొందలు ఎక్కువ అడిగితే ఇచ్చేశాను. మొన్న మూడో బండి కూడా వెళ్లిపోయాక నాన్న "ఇంక వద్దులేమ్మా, నేను బానే ఉన్నాగా" అన్నాడు. ఏం చేయాలక్కా? (ఒక కూతురు, మారతహళ్లి)

జవాబు: ఆ "వద్దులేమ్మా" దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయానమ్మా. పక్షవాతం వచ్చాక మొదటి ఆరు నెలల్లో చేసే ఫిజియోథెరపీ చాలా ముఖ్యం, అది బండి దొరక్క ఆగిపోకూడదు. అందుకే ముందు రేపటి సంగతి చూద్దాం, చట్టం సంగతి తర్వాత.

సిలిండర్ మాట చాలాసార్లు నిజమే. ఇక్కడ క్యాబుల్లో సీఎన్‌జీ బళ్లు బాగా ఎక్కువ, వ్యాగనార్ అయినా డిజైర్ అయినా డిక్కీలో సగానికి పైన సిలిండరే ఉంటుంది. ఈ మధ్య టాటా వాళ్లు 2023 నుంచి పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ నేల కింద పెట్టి ఇస్తున్నారు, టిగోర్‌లో అలా ఉంటుంది, దాంట్లో చోటు మిగుల్తుంది. కాబట్టి బుకింగ్ పడిన వెంటనే, అతను బయల్దేరకముందే ఫోన్ చేసి ఒక్క మాట అడుగు: "వీల్‌చెయిర్ ఇదె అణ్ణా, డిక్కీ ఖాలీ ఇదెయా?" (వీల్‌చెయిర్ ఉందన్నా, డిక్కీ ఖాళీగా ఉందా అని కన్నడలో). గేటు దగ్గరకొచ్చాక అడిగితే అతనికీ పెట్రోలు దండగ, నీకూ టెన్షన్. లేదంటే చెయిర్‌ని మడిచి వెనక సీట్లో నిలబెట్టి బెల్ట్ పెట్టేయొచ్చు, చెయిర్ ఎడమ పక్కన, నాన్న కుడి పక్కన, నువ్వు ముందు సీట్లో. కింద పాత దుప్పటి వేస్తే సీటు మాసిపోతుందన్న భయం డ్రైవర్‌కి ఉండదు, నేను బ్యాగులో ఎప్పుడూ ఒకటి పెట్టుకునే తిరుగుతా. ఇంకోటి, ఇనప చెయిర్ అయితే పదిహేడు, ఇరవై కిలోలుంటుంది, అల్యూమినియంది పన్నెండు, పదమూడులో వస్తుంది. ఆ ఆరేడు కిలోల తేడాతోనే డ్రైవర్ మొహం మారిపోతుంది, నిజంగా.

ఇప్పుడు ఎక్కించడం. నాన్నకి కుడి వైపు పడిపోయిందన్నావు కదా, అంటే ఆయన ఎడమ వైపుకే బాగా జరగగలరు. చెయిర్‌ని బండి ఎడమ తలుపు పక్కన ముందుకి తిప్పి పెడితే సీటు ఆయన కుడి పక్కకి వస్తుంది, అంటే బలం లేని వైపు, అందుకే అంత కష్టమవుతుంది. అదే వెనక కుడి తలుపు దగ్గర పెడితే సీటు ఎడమ పక్కకి వస్తుంది, మంచి చెయ్యి, మంచి కాలు ముందు వెళ్తాయి. ముందు నడుము సీటు మీద ఆనాలి, తర్వాత తల వంచి లోపలికి, ఆఖర్న కాళ్లు. దిగేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది కాబట్టి రెండూ మీ ఫిజియో దగ్గర ఒక రోజు బండి పెట్టి ప్రాక్టీస్ చేయించుకో, మొహమాటపడకు, అది కూడా వాళ్ల పనే. ఎంత తొందరైనా పడిపోయిన చెయ్యి పట్టి మాత్రం లాగొద్దు, లాగనివ్వొద్దు, భుజం కీలు జారిపోతుంది.

కానీ కుడి తలుపంటే రోడ్డు వైపు. బయట ట్రాఫిక్‌లో ఆ పని అసలు కుదరదు, బండి కాంపౌండ్ లోపలికి రావాల్సిందే. ఇక్కడే మన అపార్ట్‌మెంట్ల రూలు అడ్డం పడుతుంది, క్యాబులు గేటు బయటే ఆపాలని. మీ అసోసియేషన్‌కి ఒక కాయితం రాసివ్వు, మా ఫ్లాట్‌కి వచ్చే క్యాబ్‌ని లిఫ్ట్ దాకా వదలమని, సెక్యూరిటీ రిజిస్టర్‌లో ఎక్కించమని. నాకైతే ఈ గేటు బాధ డ్రైవర్ల బాధ కంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే అవతల వాళ్లు మన పక్కింటివాళ్లే.

డబ్బు విషయం: నువ్వు క్యాన్సిల్ నొక్కొద్దు. కేంద్రం 2025 జులైలో యాప్ కంపెనీల మీద రాష్ట్రాలకి ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో, ఒప్పుకున్న ట్రిప్‌ని సరైన కారణం లేకుండా డ్రైవర్ రద్దు చేస్తే చార్జీలో 10 శాతం జరిమానా, అది 100 రూపాయలు మించకుండా, అని ఉంది. మోటార్ వాహనాల చట్టంలో కూడా ట్యాక్సీ ప్రయాణికుణ్ణి ఎక్కించుకోనంటే 500 రూపాయల దాకా జరిమానా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకా పెద్దది, సేవలు వికలాంగులకి అందేలా ఉండాలనే 46వ సెక్షన్ అందులో ప్రైవేటు వాళ్లక్కూడా వర్తిస్తుంది, దాన్ని మీరితే మొదటిసారి 10,000 దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా వేయొచ్చు. ఫిర్యాదు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఇవ్వాలి, ఆ ఆఫీసుకి సివిల్ కోర్టు లాగా పిలిపించి విచారించే అధికారం ఉంది. స్క్రీన్‌షాట్, బండి నంబరు, టైము, అడిగిన ఎక్స్‌ట్రా ఎంత, ఇవి నాలుగూ రాసిపెట్టుకో. ఒక్కో డ్రైవర్ మీద కాదు, కంపెనీ మీద ఇవ్వు, ఎందుకంటే ఇందులో డ్రైవర్ తప్పు సగమే. ఎందుకంటున్నానో కింద జవాబులో చెప్తా.

ప్రశ్న: మేడం, మాది మదనపల్లె దగ్గర పల్లె. ఏడేళ్లుగా బెంగళూరులో ఎల్లో బోర్డ్ బండి తోలుతున్నా. అందరూ మమ్మల్నే తిడతారు. ఒకసారి ఒక పెద్దాయన్ని ఎత్తబోయి ఇద్దరం పడబోయినాం, అప్పట్నుంచి నాకు భయం. ఎక్కించేదానికి పది నిమిషాలు, దించేదానికి పది, ట్రిప్ చూస్తే నూట ఇరవై రూపాయలు. నెల నెలా బండి కంతు కట్టాల. మేమేం చేయాల మేడం? (ఒక డ్రైవర్ తమ్ముడు, హొసకోట)

జవాబు: తమ్ముడూ, నువ్వు రాసినందుకు చాలా సంతోషం. నీ భయం న్యాయమైనదే, ఎత్తడం నీ పని కాదు, ఎత్తొద్దు కూడా. ముందు అడుగు, "ఎట్ల సాయం చేయాల" అని, వాళ్లకి వాళ్ల ఒళ్లు తెలుసు. నేనైతే నా అంతట నేనే సీట్లోకి జరుగుతా, డ్రైవర్ చేయాల్సింది చెయిర్ కదలకుండా పట్టుకోవడం ఒక్కటే, కానీ చాలామంది అడక్కుండా చంకల కింద చేతులు పెట్టేస్తారు, అప్పుడే ఇద్దరం పడబోతాం. చెయిర్ బ్రేకులు రెండు పక్కలా పడ్డాయా చూడు. బండి ఫుట్‌పాత్‌కి మరీ ఆనించొద్దు, చెయిర్ పట్టేంత చోటు వదులు, తలుపు పూర్తిగా తీసి ముందు సీటు వెనక్కి జరుపు. చెయిర్ మడవడానికి మెత్త తీసేసి సీటు గుడ్డ మధ్యలో పట్టి పైకి లాగితే చాలు, దానంతట అదే ముడుచుకుంటుంది. పక్కల్నుంచి నెడితే రాదు, అక్కడే అందరికీ టైము పోయేది. పాదాలు పెట్టుకునే పలకలు ఊడొస్తే అవి విడిగా పెట్టు, దిగేటప్పుడు మర్చిపోతారు, అవి లేకపోతే ఆ రోజంతా ఆ మనిషి కాళ్లు నేలకి ఈడ్చుకుంటూ పోవాలి.

ఇక ఆ ఇరవై నిమిషాలు. నా అభిప్రాయంలో అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మీటరు కిలోమీటర్లకీ, దారిలో పట్టే టైముకీ తిరుగుతుంది, చెయిర్ మడిచే టైముకి తిరగదు. అంటే ఆ ఇరవై నిమిషాలు ఎవరో ఒకరు ఊరికే ఇవ్వాలి, నువ్వు ఇస్తే నీ కంతు పోతుంది, వెయిటింగ్ చార్జ్ అని మా మీద వేస్తే కాళ్లు లేనందుకు మేము ఎక్కువ కట్టినట్టు అవుతుంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ అనే రాష్ట్రంలో దీనికొక దారి చూశారు, వీల్‌చెయిర్ ట్యాక్సీ డ్రైవర్‌కి ప్రతి అలాంటి ట్రిప్‌కీ ప్రభుత్వమే విడిగా డబ్బిస్తుంది, ప్రయాణికుడికి చార్జీలో సగం, 60 డాలర్ల దాకా, ప్రభుత్వమే భరిస్తుంది. లండన్‌లో నల్ల ట్యాక్సీలన్నీ 2000 సంవత్సరం నుంచి వీల్‌చెయిర్ నేరుగా ఎక్కేలా ఉండాల్సిందే, చెయిర్ ఉందని ఎక్కువ అడిగితే 2017 నుంచి అది నేరం. మన బెంగళూరులోనే 2017లో ఊబర్ వాళ్లు వీల్‌చెయిర్ ఉన్నవాళ్లకీ, ఎక్కడానికి సాయం కావాల్సినవాళ్లకీ ఊబర్ యాక్సెస్, ఊబర్ అసిస్ట్ అని మొదలుపెట్టారు, అంటే ఆలోచన కొత్తదేం కాదు. మన దగ్గర ఇంత ఖర్చు ప్రభుత్వం పెడుతుందా అంటారు. రోజూ ఇన్ని లక్షల ట్రిప్పుల మీద కంపెనీలు వసూలు చేసుకునేదాంట్లోంచి ట్రిప్‌కి పైసలు పక్కన పెట్టినా ఆ ఇరవై నిమిషాలకి డ్రైవర్‌కి జీతం లాగా ఇవ్వొచ్చు అని నేను గట్టిగా నమ్ముతున్నా. ఇది మీ డ్రైవర్ల యూనియన్లూ, మేమూ కలిసి ఒకే కాయితం మీద సంతకం పెట్టి అడగాల్సిన డిమాండ్. ఇన్నాళ్లూ మీరు ఒక పక్క, మేము ఒక పక్క నిలబడి ఒకర్నొకరు తిట్టుకుంటున్నాం.

ప్రశ్న: మేడం, నాకు చూపు లేదు, వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు. బుకింగ్ నాకు సమస్య కాదు, టాక్‌బ్యాక్‌తో (ఫోన్ తెర మీద ఉన్నది చదివి వినిపించేది) చేసుకుంటా. బండి ఎక్కడుందో కనుక్కోవడం, దిగాక నేనెక్కడున్నానో కనుక్కోవడం, ఈ రెండే. డ్రైవర్ "ఎదురుగానే ఉన్నా కదా సార్, కనపడట్లేదా" అంటాడు. (ఒక పాఠకుడు, కాడుగోడి)

జవాబు: బుక్ అవగానే చాట్‌లో పంపడానికి ఒక మెసేజ్ ఫోన్‌లో దాచి పెట్టుకోండి, "నాకు చూపు లేదు, తెల్ల కర్ర పట్టుకుని ఫలానా గేటు పక్కన ఉంటా, మీరే నా దగ్గరకొచ్చి నా పేరుతో పిలవండి" అని. పేరు అతను చెప్పాలి, మీరు ముందు చెప్పకూడదు, రాంగ్ బండి ఎక్కకుండా అదొక జాగ్రత్త. ఓటీపీ కూర్చున్నాక చెప్పండి, ఫోన్‌లో ట్రిప్ మొదలైందని వినపడ్డాకే బండి కదలనివ్వండి. నడిపించాల్సి వస్తే అతను మీ చెయ్యి పట్టి లాగడం కాదు, మీరు అతని మోచెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక నడుస్తారని చెప్పండి, చెప్తే ఎవరూ కాదనరు. దిగేముందు "ఎడమ పక్క ఏముంది, ఫుట్‌పాత్ ఎంత దూరం, కాలవ మూత తీసి ఉందా" అని అడక్కుండా తలుపు తీయొద్దు, మన ఊరి ఫుట్‌పాత్‌ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. యాప్ అప్‌డేట్ అయ్యాక ఏదైనా బటన్ పేరు చదవకుండా "అన్‌లేబుల్డ్" అంటుంటే దాన్ని స్క్రీన్ రికార్డింగ్‌తో సహా కంపెనీకి పంపండి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమే అని చెప్పింది, ఆ ముక్క ఉత్తరంలో రాయండి.

ఇంకో మాట, మీ ఆఫీసు పర్పుల్ లైన్‌కి దగ్గరైతే మెట్రోలో వెళ్లి ఆఖరి ముక్కకే క్యాబ్ పెట్టుకోండి. స్టేషన్లలో లిఫ్టులు, కాలికి తగిలే గీతల టైల్స్ ఉన్నాయి, సిబ్బందికి చెప్తే సాయం చేస్తారు. అవతల దిగాక క్యాబ్ పికప్ ఏ గేటు దగ్గర అనేది మాత్రం ముందే ఖాయం చేసుకోండి.

ప్రశ్న: మా చెల్లికి పుట్టుకతో వినపడదు. డ్రైవర్లు ఫోన్ చేస్తారు, తను ఎత్తలేదు, వాళ్లు వెళ్లిపోతారు. కన్నడ కూడా రాదు మాకు. (ఒక అక్క, కె.ఆర్.పురం)

జవాబు: ఇది చాట్‌లో పెట్టమనండి: "ననగె కివి కేళిసల్ల, దయవిట్టు మెసేజ్ మాడి" (నాకు చెవులు వినపడవు, దయచేసి మెసేజ్ చేయండి అని). కన్నడ లిపిలో ఎవరితోనైనా టైప్ చేయించి దాచుకోండి, దాని కిందే వేసుకున్న డ్రెస్ రంగు, నిలబడిన చోటు ఫోటో. అదే వాక్యం ఒక కార్డు మీద పెద్ద అక్షరాల్లో రాయించి బ్యాగులో పెట్టండి, ఎక్కగానే డ్రైవర్‌కి చూపిస్తుంది, లేకపోతే దారిలో ఏదో అడిగి జవాబు రాలేదని విసుక్కుంటాడు. ట్రిప్ షేర్ మీ ఫోన్‌కి ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. బండి దారి మారినట్టు కనిపిస్తే తనకి మెసేజ్ పెట్టండి, డ్రైవర్‌కి కాల్ మీరు చేయండి.