పిల్పింతువాసికి వెళ్ళే ముందు

చిట్టితల్లీ,

పెద్దమ్మ ఆశీస్సులు. పెరూలోని ఇకిటోస్‌కు టికెట్లు ఖాయమయ్యాయని రాశావు, చాలా సంతోషం. అక్కడి సీతాకోకచిలుకల కేంద్రం పిల్పింతువాసిని మాత్రం "టైముంటే చూస్తా" అన్నావు. టైముంటే కాదు, దానికోసం ఒక ఉదయం విడిగా అట్టిపెట్టుకో. ఎండ పడితేగాని సీతాకోకచిలుకలకు ఒళ్ళు వెచ్చబడదు, వెచ్చబడితేగాని ఎగరవు. మధ్యాహ్నం వాన దిగిందంటే ఆకుల కింద నక్కి కూర్చుంటాయి. నువ్వు వాటిని పెంచే, వల కప్పిన గదిలో ఆకులు చూసి తిరిగి రావాలి. సోమవారాలు మూసి ఉంచుతారు, అదీ గుర్తుంచుకో.

వెళ్ళడం కష్టమేం కాదు. ఊళ్ళోంచి మోటోకార్ (మన ఆటోలాంటి మూడు చక్రాల బండి) ఎక్కి బెయావిస్తా నానాయ్ రేవుకు చేరు. అక్కడి నుంచి పాద్రే కోచా అనే పల్లెకు పడవ. పడవ ఎక్కకముందే డబ్బు సంగతి తేల్చుకో, తిరుగు ప్రయాణం మాటా అడుగు. చిల్లర సోల్‌లు (అక్కడి డబ్బు) దగ్గర పెట్టుకో, పెద్ద నోటుకు చిల్లర ఇచ్చే ఓపిక పడవవాళ్ళకు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో అయితే నది నిండుగా ఉండి పడవ బాగా దగ్గరదాకా పోతుంది. నువ్వు వెళ్ళేది ఆగస్టులో కాబట్టి నీళ్ళు తగ్గి ఉంటాయి, పల్లెలో దిగి పావుగంట నడవాలి. మట్టిబాట. ఎండలో బాగానే ఉంటుంది, వానొస్తే సబ్బు మీద నడిచినట్టే. పట్టు ఉన్న బూట్లు వేసుకో.

ఇప్పుడు అసలు సంగతి, దోమల మందు. నేను చేసిన పొరపాటు నువ్వు చేయొద్దు. పడవలోనే మోచేతుల దాకా, మెడ నిండా పూసేసుకున్నాను. వల గది గుమ్మం దగ్గర, చోటంతా తిప్పి చూపించే అమ్మాయి నా చేతులు వాసన చూసి, ఏమీ అనకుండా కుళాయి వైపు వేలు చూపించింది. దోమను తరిమే మందు సీతాకోకచిలుకకూ పడదు మరి. మందు పూసిన వేలి మీద అది వాలితే దాని కాళ్ళకంటుకుంటుంది. ఆ కాళ్ళతోనే అది రుచి చూస్తుంది. అందుకని నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, మేజోళ్ళు వేసుకుని వెళ్ళు. చేతులకూ మొహానికీ మందు వల గదిలోంచి బయటికొచ్చాక రాసుకో. సన్‌స్క్రీన్ అయినా అంతే, వేళ్ళ చివరలు శుభ్రంగా ఉండాలి.

లోపల తొందరపడకు. అందరూ నీలం మోర్ఫో అనే సీతాకోకచిలుక వెంట పరిగెత్తుతారు, అది రెక్కలు మూసుకుందంటే కళ్ళలాంటి మచ్చలతో మట్టిరంగు ఆకులా ఉంటుంది. నీలం కనపడాలంటే ఎగరాల్సిందే. రెక్కలో నీలి రంగంటూ ఏమీ లేదు, పొలుసుల మీది సన్నటి గీతలు వెలుగును నీలంగా తిప్పికొడతాయి. కుళ్ళిన పండు పెట్టిన పళ్ళెం దగ్గర కూర్చో, అదే వస్తుంది. పూలకన్నా ఆ పులిసిన రసమే దానికిష్టం. నేను అరగంట కూర్చున్నాను. చుట్ట విప్పినట్టు తన గొట్టపు నాలుక చాపి, అరటిపండు నల్లబడ్డ చోటే వెతుక్కుని మరీ తాగింది.

ప్యూపాలు (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూళ్ళు) వేలాడదీసిన చోట ఇంకాసేపు నిలబడు. అదృష్టం ఉంటే ఒకటి పగిలి బయటికి రావడం చూస్తావు. వచ్చీరాగానే రెక్కలు నలిగిన గుడ్డపేలికల్లా ఉంటాయి. తలకిందులుగా వేలాడుతూ, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి ఎక్కించుకుని మెల్లగా చాపుతుంది. ఆ సమయంలో వేలు తగిలినా రెక్క వంకరగా బిగిసిపోతుంది, ఇక జన్మలో ఎగరదు. గుడ్లను కూడా ఏరి లోపలే పెంచుతారు. బయటైతే చీమలు, కందిరీగలు, పక్షులు చాలావరకు తినేస్తాయి. ఒక్కో గొంగళిపురుగుకు ఒక్కో రకం ఆకే కావాలి కాబట్టి ఆ మొక్కలన్నీ వాళ్ళే వేసి పెంచుతారు. అసలు పని అదే అనిపించింది నాకు.

ఆస్ట్రియా నుంచి వచ్చిన గుడ్రున్ స్పెరర్ అనే ఆవిడ మొదట సీతాకోకచిలుకల కోసమే ఈ చోటు పెట్టింది. క్వెచువా భాషలో పిల్పింతువాసి అంటే సీతాకోకచిలుకల ఇల్లు. తర్వాత జనం అనాథ జంతువులను తెచ్చి వదలడం మొదలుపెట్టారు. అదొక అనాథాశ్రమమూ, ఆసుపత్రీ అనుకుని వెళ్ళు. రోగిని చూడ్డానికి వెళ్ళినప్పుడు మంచమెక్కి కూర్చోం కదా! ఆ రోజు నీకు జలుబుగా ఉన్నా, పెదవి మీద పొక్కు ఉన్నా వెళ్ళడమే మానుకో. మనకు పొక్కుతో పోయే వైరస్ అక్కడి కోతుల్లో కొన్నిటిని చంపేస్తుంది. తినేవేవీ సంచిలో ఉంచకు. కళ్ళజోడుకు తాడు కట్టుకో, చెవిరింగులు హోటల్లో వదిలెయ్. స్వేచ్ఛగా తిరిగే కోతులు అడిగి తీసుకోవు. నా క్లిప్పు ఇప్పటికీ ఏ చెట్టు మీదుందో!

బట్టతల, ఎర్రటి మొహం ఉన్న కోతి కనిపిస్తే దెబ్బ తగిలిందని జాలిపడకు. దాని పేరు ఉకారి. మొహం ఎంత ఎర్రగా ఉంటే అంత ఆరోగ్యం, జబ్బు చేస్తే పాలిపోతుంది.

ఇకిటోస్‌లో ఇంకో సంగతి ఎదురవుతుంది. ఎవరో స్లాత్ (చెట్ల మీద మెల్లగా కదిలే జంతువు) పిల్లను నీ చేతిలో పెట్టి ఫోటో తీసుకోమంటారు, లేదా కోతిపిల్లను అమ్మజూపుతారు. నీకు కడుపు తరుక్కుపోతుంది, కొని పిల్పింతువాసికి ఇచ్చేద్దామనిపిస్తుంది. నాకూ అనిపించింది. అక్కడి అమ్మాయికి చెబితే తల అడ్డంగా ఊపింది. పిల్లను పట్టాలంటే చాలాసార్లు ముందు తల్లిని కాల్చాలి. నువ్విచ్చిన డబ్బుతో వాడు మళ్ళీ అడవికే పోతాడు. అద్దంలో బిగించిన మోర్ఫోలు, ఈకల దండలు కూడా కొనకు, ఎయిర్‌పోర్టులో నీకే ఇబ్బంది. ఆ డబ్బు టికెట్ దగ్గర విరాళంగా ఇస్తే జంతువుల తిండికి పనికొస్తుంది.

పసుపు జ్వరం టీకా బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా మాత్రల సంగతీ అదే డాక్టరును అడుగు. ఏ రోజు వేయించుకున్నావో నాకు రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ