కాన్సెప్ట్ పేపర్ వెనక్కి వస్తోందా? నిర్వచనం చూసుకోండి

ఒంటరితనంపై పరిశోధన కోసం మీరు రాసిన కాన్సెప్ట్ పేపర్‌ను, అంటే పరిశోధన ఆలోచనను క్లుప్తంగా చెప్పే పత్రాన్ని, ‘కాన్సెప్ట్ స్పష్టంగా లేదు’ అంటూ మీ గైడ్ రెండుసార్లు తిప్పి పంపడానికి కారణం దాని మొదటి పేరాలోనే ఉంది. ఒంటరితనానికి నిఘంటువు అర్థం రాసి వదిలేశారు. అది పదానికి అర్థమే, మీ పరిశోధనకు నిర్వచనం కాదు.

1. ముందు ఒంటరితనం ఏ కోవకు చెందుతుందో చెప్పండి. అది పరిస్థితి కాదు, అనుభూతి.

2. ‘ఏకాంతం’ లాంటి దగ్గరి పదాల నుంచి వేరు చేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు గదిలో ఒక్కరే కూర్చుని హాయిగా చదువుకుంటున్నారు. ఇంకొకరు ఇంటినిండా మనుషులున్నా మనసు విప్పి మాట్లాడే తోడు లేక కుమిలిపోతున్నారు. మీ నిర్వచనంలోకి రెండో మనిషి రావాలి, మొదటి మనిషి రాకూడదు. ఇద్దరూ వచ్చేస్తే మళ్లీ రాయాల్సిందే. ‘కోరుకున్న అనుబంధాలకూ ఉన్న అనుబంధాలకూ మధ్య తేడా వల్ల కలిగే బాధ’ అని రాసి చూడండి, నిలబడుతుంది.

3. కొలిచే పద్ధతి దానికి సరిపోవాలి. స్నేహితులు ఎంతమందని లెక్కపెడితే మీరు కొలిచేది ఒంటరితనం కాదు. ఒంటరితనాన్ని కొలవడానికి 1978లో వచ్చిన ‘యూసీఎల్‌ఏ లోన్లీనెస్ స్కేల్’ అనే ప్రశ్నావళిలోని 20 అంశాలు మనిషికి ఎలా అనిపిస్తోందో అడుగుతాయి. మీకు కావాల్సింది అలాంటిది.

4. పరిశోధన సమస్య, ప్రశ్న, పద్ధతి రాయడం ఆ తర్వాతే. ఎక్కువ పేజీలు అక్కర్లేదు.

మధ్యలో ‘ఏకాంతం’ అని మాట మార్చకండి, కాన్సెప్టే మారిపోతుంది.