హెచ్‌-1బీ మీద ఉండి విమానం నడపడం నేర్చుకోవచ్చా? టీఎస్‌ఏ అనుమతి ఎంత తలనొప్పి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎడిసన్‌లో హెచ్‌-1బీ మీద ఉద్యోగం. శని, ఆదివారాల్లో సరదాగా ప్రైవేట్ పైలట్ శిక్షణ తీసుకోవాలని ఉంది. ఫ్లైట్ స్కూలుకి ఫోన్ చేస్తే "ముందు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) క్లియరెన్స్ రావాలి" అన్నారు. అది వీసాకి ఎసరు పెడుతుందేమోనని భయం. గ్రీన్ కార్డున్న మీ బావగారు కూడా చేరతానంటున్నారు, ఆయనకీ ఇదంతా ఉంటుందా అని అడిగారు.

నేను కూడా న్యూజెర్సీలోనే, హెచ్‌-1బీ మీద ఉండగానే పైలట్ సర్టిఫికేట్ తెచ్చుకున్నాను. నేర్చుకోవచ్చు, వీసాకి ఏమీ కాదు. మీ బావగారికి కూడా ఆ క్లియరెన్స్ కావాలి. గ్రీన్ కార్డు వచ్చి ఎన్నేళ్లయినా సరే, అమెరికా పౌరుడు కాకపోతే ఈ తనిఖీ తప్పదు. అదే ఆయన సిటిజన్‌షిప్ తీసుకుని ఉంటే, పాస్‌పోర్టు చూపిస్తే ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో ఒక వాక్యం రాసి సంతకం పెడతాడు, అక్కడితో సరి.

వీసా సంగతి ముందు తేల్చేద్దాం. హెచ్‌-1బీ ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ సమయంలో నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. హెచ్‌-4 మీద ఉన్న మీ శ్రీమతి చేరినా ఇబ్బంది లేదు. కానీ ఆ సర్టిఫికేట్‌తో డబ్బు సంపాదించడం వేరే కథ, అది మీ వీసా ఒప్పుకోదు. పూర్తికాలం పైలట్ కోర్సు కోసమే ఇండియా నుంచి వచ్చేవాళ్లు మామూలుగా ఎం-1 (వృత్తి విద్యార్థుల వీసా) మీద వస్తారు. విజిటర్ వీసా మీద వచ్చి పైలట్ కోర్సులో చేరదామని ఎవరైనా చుట్టాలు సలహా అడిగితే మాత్రం, వద్దనే చెప్పండి.

ఇక టీఎస్‌ఏ. దీన్ని చాలాకాలం ఏలియన్ ఫ్లైట్ స్టూడెంట్ ప్రోగ్రాం అనేవారు. పాత పైలట్లు ఇప్పటికీ ఏఎఫ్‌ఎస్‌పీ అనే అంటారు. 2024 జులై 30 నుంచి కొత్త రూల్ అమల్లోకి వచ్చింది, పేరు ఫ్లైట్ ట్రైనింగ్ సెక్యూరిటీ ప్రోగ్రాం అయింది. పేరు మారిందని తీసిపారేయకండి, అసలు లాభం వేరే ఉంది. పాత పద్ధతిలో ప్రైవేట్ పైలట్‌కి ఒకసారి 130 డాలర్లు, తర్వాత ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి (మబ్బుల్లో పరికరాలు చూసి నడిపే అర్హత) మళ్లీ 130, మల్టీ ఇంజిన్‌కి మళ్లీ 130. మధ్యలో స్కూలు మారితే మళ్లీ మొదటికి. ఇప్పుడు ఒకసారి 140 డాలర్లు కట్టి భద్రతా పరిశీలన పూర్తయితే గరిష్ఠంగా ఐదేళ్లు పనికొస్తుంది. ఆ మధ్యలో చేసే ప్రతి శిక్షణనీ టీఎస్‌ఏ పోర్టల్‌లో చెప్పాల్సిందే గానీ, ప్రతిసారీ వేలిముద్రలు, ఫీజు అంటూ తిరగనక్కర్లేదు. ఇది నిజంగా మంచి మార్పు. మా బ్యాచ్‌కి ఈ అదృష్టం లేదు.

ఏ శిక్షణకి కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది స్కూళ్లలో కూడా కొందరు తికమకగా చెప్తారు. మొదటి సర్టిఫికేట్ ఏదైనా, స్పోర్ట్, రిక్రియేషనల్, ప్రైవేట్ ఏదైనా, కావాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి, మల్టీ ఇంజిన్‌కి కూడా కావాలి. "నేను సరదాకి నేర్చుకుంటున్నా కదా, స్పోర్ట్ పైలట్‌తో సరిపెట్టుకుంటే తప్పించుకోవచ్చా" అని నన్ను చాలామంది అడిగారు. కుదరదు. సర్టిఫికేట్ కోసం స్కూలు సిమ్యులేటర్లో తీసుకునే పాఠం కూడా శిక్షణే. గ్రౌండ్ క్లాసులకి, రెండేళ్లకోసారి చేసే ఫ్లైట్ రివ్యూకి, స్కూలువాళ్లు రుచి చూపించడానికి తిప్పే డిస్కవరీ ఫ్లైట్‌కి మాత్రం అక్కర్లేదు.

దరఖాస్తులో పాస్‌పోర్టు, వీసా, గత ఐదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు అడుగుతారు. మనలో చాలామంది కన్సల్టెన్సీ రోజుల్లో క్లయింట్ మారినప్పుడల్లా ఊరు మారినవాళ్లమే కాబట్టి, ఆ చిరునామాల జాబితా ముందే రాసి పెట్టుకోండి. మీరు నింపాక స్కూలువాళ్లు అటువైపు నుంచి ఓకే కొట్టాలి. ఫీజు, ఆ తర్వాత వేలిముద్రలు. చాలా దరఖాస్తులు పడుకునేది టీఎస్‌ఏ దగ్గర కాదు, ఆ స్కూలు ఓకే దగ్గరే. అక్కడ ఆ పని చూసేది ఒక్క మనిషి, ఆయన కూడా పగలంతా విద్యార్థులతో గాల్లో ఉంటాడు. మొహమాటం పడకుండా ఫోన్ చేసి గుర్తుచేయండి.

మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉండే చిక్కు పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు కలిపి నాలుగైదు పదాలు, డ్రైవింగ్ లైసెన్సులో అదే పేరు చివర తెగిపోయి ఉంటుంది. మా స్నేహితుడొకడి పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. దాంతో వీసా మీద అతని పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు చోట ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు అని) పడింది. టీఎస్‌ఏ పోర్టల్‌లో ఒకలా, ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) వాళ్ల ఐయాక్రాలో, అంటే పైలట్ సర్టిఫికేట్లకి దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్లో, ఇంకోలా ఉందని అతని స్కూలు దరఖాస్తు వెనక్కి పంపింది. అతను కొత్త పాస్‌పోర్టులో పేరు సరిచేయించుకున్నాకే పని కదిలింది. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరసలో పెట్టండి. లైసెన్సు తేడాగా ఉంటే ముందు మోటార్ వెహికల్ ఆఫీసుకి వెళ్లి అది సరిచేయించుకోండి.

అనుమతి వచ్చాక మొదటి పాఠం రోజు మా ఇన్‌స్ట్రక్టర్ నన్ను విమానం దగ్గరికి వెళ్లనివ్వలేదు. ఆఫీసులో కాఫీ మెషీన్ పక్కన గోడకి నిలబెట్టి, ఫోన్‌తో ఫోటో తీసి, అది పోర్టల్‌లో ఎక్కిందని చూసుకున్నాకే బయటికి రమ్మన్నాడు. అనుమతి తీసుకున్నవాడు, పాఠానికి వచ్చినవాడు ఒక్కరేనని రుజువు కోసం ఆ ఫోటో. తర్వాతే రెక్క కింద ట్యాంకు నుంచి చిన్న గ్లాసులోకి నీలం రంగు పెట్రోలు వంచి, అడుగున నీటి చుక్క ఉందేమో చూడటం నేర్పించాడు.

అనుమతి కోసం ఆగే రోజుల్ని వృథా చేసుకోకండి. థర్డ్ క్లాస్ మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్ష) చేయించుకోండి. రాతపరీక్షకి చదవండి, 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, ఫలితం 24 నెలలు చెల్లుతుంది. స్టూడెంట్ పైలట్ సర్టిఫికేట్‌కి కూడా ఐయాక్రాలో పెట్టేయండి. ఒంటరిగా ఎగరాలంటే అది చేతిలో ఉండాలి. 2016 ఏప్రిల్‌కి ముందు మెడికల్ చేసిన డాక్టరే అక్కడికక్కడ రాసిచ్చేవాడు. ఇప్పుడు అది కూడా టీఎస్‌ఏ పరిశీలన దాటాకే వస్తుంది, పౌరులకైనా సరే. ఈ పరిశీలన, శిక్షణకి కావలసిన టీఎస్‌ఏ అనుమతి, రెండూ వేర్వేరు. ఒకటి వచ్చింది కదా అని రెండోది వచ్చినట్టు కాదు.

ఇదంతా ఎందుకు పెట్టారో మీకు తెలిసే ఉంటుంది. సెప్టెంబర్ 11 దాడుల్లో విమానాలు నడిపినవాళ్లలో ఇద్దరు ఫ్లోరిడాలోని వెనిస్‌లో ఒకే ఫ్లైట్ స్కూల్లో శిక్షణ తీసుకున్నారు. దాడి జరిగిన ఆరు నెలలకి, 2002 మార్చిలో, చనిపోయిన ఆ ఇద్దరి స్టూడెంట్ వీసా మార్పు ఆమోదించామని ఇమిగ్రేషన్ శాఖ కాగితాలు అదే స్కూలుకి వచ్చాయి. ఆ పరువు పోయిన తర్వాత రూల్ ఇంకా కఠినం కాకుండా ఎలా ఉంటుంది? మొదట, దాడి జరిగిన 2001లోనే, 12,500 పౌండ్లు, అంటే 5,670 కిలోలు, అంతకన్నా ఎక్కువ బరువున్న విమానాలకే పెట్టారు. చిన్న విమానాలు ఆ తర్వాత చేరాయి. మీరు నేర్చుకోబోయే సెస్నా 172 లాంటి చిన్న విమానం, కొత్త మోడలైనా, మనుషులు, పెట్రోలుతో కలిపి గరిష్ఠంగా 2,550 పౌండ్లే.

నా అభిప్రాయం అడిగితే, పెద్ద విమానాలకి తనిఖీ న్యాయమే. నాలుగు సీట్ల విమానం దగ్గర పాస్‌పోర్టు రంగుని బట్టి మనిషిని జల్లెడ పట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2002 జనవరిలో టాంపాలో ఒక 15 ఏళ్ల విద్యార్థి చిన్న సెస్నాని ఆఫీసు భవనానికి గుద్దాడు. అతను అమెరికా పౌరుడే. చనిపోయింది అతనొక్కడే. ఇలాంటివాణ్ని ఈ ప్రోగ్రాం పట్టుకోలేదు, పట్టుకోవడానికి పుట్టలేదు కూడా. ఇరవై ఏళ్లుగా ఇక్కడే పన్ను కడుతున్న గ్రీన్ కార్డు మనిషి మాత్రం వేలిముద్రలు ఇవ్వాలి. సరే, ఇది మన చేతిలో లేని విషయం.

న్యూజెర్సీ కాబట్టి ఇంకో సంగతి. మీ వారాంతాల్ని ఎక్కువగా పాడుచేసేది టీఎస్‌ఏ కాదు. ట్రంప్ బెడ్‌మిన్‌స్టర్ గోల్ఫ్ క్లబ్‌కి వచ్చినప్పుడల్లా అధ్యక్షుడి భద్రత కోసం 30 నాటికల్ మైళ్ల వలయం గీస్తారు. లోపల 10 మైళ్లలో చిన్న విమానాలకి దాదాపు బంద్. సోల్‌బెర్గ్, సోమర్సెట్ విమానాశ్రయాలు అందులోనే పడతాయి. బయటి వలయంలో ఫ్లైట్ ప్లాన్ వేసి, రాడార్‌లో గుర్తుపట్టే కోడ్ తీసుకుని, కంట్రోలర్‌తో మాట్లాడుతూ దాటిపోవచ్చు గానీ, శిక్షణ నిషేధం. దీనికి పౌరుడు, పరదేశి తేడా లేదు, అందరూ నేల మీదే. స్కూలు ఎంచుకునేటప్పుడు మ్యాపు తెరిచి బెడ్‌మిన్‌స్టర్ నుంచి దూరం కొలవండి. ఎడిసన్ నుంచి ఇంకో అరగంట ఎక్కువ డ్రైవ్ చేసి, దక్షిణాన ఆ వలయం అవతల ఉన్న స్కూల్లో చేరితే వేసవి శనివారాలు మిగులుతాయి. పాఠానికి బయల్దేరే ముందు టీఎఫ్‌ఆర్‌లు (ఇలాంటి తాత్కాలిక నిషేధాలు) ప్రతిసారీ చూసుకోండి, నిన్న లేనిది ఇవాళ ఉండొచ్చు.

చివరగా, ఎప్పుడైనా హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతే: ఎఫ్‌ఏఏ పైలట్ సర్టిఫికేట్‌కి గడువు ఉండదు. కానీ అమెరికాలో నివాస చిరునామా లేకుండా విదేశీ చిరునామా పెట్టుకున్నవాళ్లు, ప్రభుత్వం పంపే కాగితాలు అందుకోవడానికి ఇక్కడ ఒక ఏజెంట్‌ని నమోదు చేయాలి. పాత సర్టిఫికేట్లున్నవాళ్లకి ఇది 2025 జులై 7 నుంచి వర్తిస్తోంది. మీ బావగారు ఇక్కడే ఉంటారు కదా, వెళ్లేటప్పుడు ఆయన పేరే పెట్టేయండి.