దిండు గలీబు మీద రంగు మరక

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. బ్యాంకు ఉద్యోగంలో టార్గెట్లు భరించలేక మానేసి, ఏడేళ్లుగా సొంతంగా, కమీషన్ మీద ఫండ్లు అమ్మిపెట్టే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌గా చేస్తున్నాను. కమీషన్ వదిలేసి, మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీలో పెట్టుబడి సలహాదారుగా నమోదై ఫీజు మీద పనిచేయాలని ఉంది. నాటకాలంటే కాలేజీ రోజుల నుంచీ పిచ్చి. రెండేళ్లుగా ఆదివారాలు మళ్లీ రిహార్సల్స్‌కి వెళుతున్నాను. స్కూల్లో టీచరుగా చేసే నా భార్య "ఆ టైములో ఇద్దరు క్లయింట్లను కలవొచ్చుగా" అంటుంది. గొడవెందుకని గత నెల కళాభారతిలో ప్రదర్శన సంగతి చెప్పలేదు. దిండు గలీబుకి అంటిన కొబ్బరినూనె, రంగు మరక చూసి కనిపెట్టేసింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. నాటకం మానేయాలా?

జవాబు: మానొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా చదువుతారు.

నేను ఆ గలీబు దగ్గరే ఆగిపోయాను. కొబ్బరినూనెతో మేకప్ తుడుచుకుని, చప్పుడు కాకుండా వచ్చి పడుకున్నారన్నమాట! నేనూ ఒకప్పుడు మావారికి చెప్పకుండా చీటీ కట్టినదాన్నే. అందులో డబ్బు పోయినందుకు ఆయన ఒక్క మాటా అనలేదు. దాచినందుకు మాత్రం ఇప్పటికీ అంటారు.

స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై పీఎఫ్ డబ్బుతో ఒక పెద్దాయన మీ దగ్గరికి వస్తే ఏం చెబుతారు? "అమ్మగారిని కూడా తీసుకురండి, ఏది ఎక్కడుందో ఆవిడకీ తెలియాలి" అంటారు కదా. మరి క్లయింట్ల సొమ్ము ఫండ్లలో ఉన్నన్నాళ్లూ మీకు వచ్చే ట్రైల్ కమీషన్ నెలకి ఎంతో మీ ఆవిడకి తెలుసా? ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి తెలియదనే అనుకుంటున్నాను. తప్పయితే మన్నించండి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది మీ పని.

ఆవిడ వైపు నుంచి చూడండి. ఆవిడ జీతం ఎంతో ముందే తెలుసు. మీ రాబడి అలా కాదు. క్లయింట్లు పెట్టిన సొమ్ము విలువ మీద శాతం లెక్కన వస్తుంది కాబట్టి, ఒక్కరూ వెళ్లిపోకపోయినా మార్కెట్ పడితే మీ చేతికొచ్చేది తగ్గుతుంది. 2020 మార్చిలో మార్కెట్ కూలినప్పుడు ఆవిడ మీ మొహం చూసే ఉంటుంది, లెక్క మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. "ఇద్దరు క్లయింట్లు" అన్న మాటలో నాకు నాటకం మీద కోపం కన్నా ఆ టెన్షనే ఎక్కువ వినిపిస్తోంది.

అసలు అడగాల్సిన పెద్ద సంగతి వేరే ఉంది. సెబీ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఇప్పుడున్న పద్ధతిలో వ్యక్తిగా సలహాదారుగా నమోదైతే ఫండ్ల పంపిణీ పని వదులుకోవాలి. అంటే ట్రైల్ ఆగిపోతుంది. ఫీజు ఇచ్చే క్లయింట్లు కుదురుకునేదాకా ఇల్లు ఆవిడ జీతం మీదే నడవాలి. ఉచితంగా సలహా అలవాటైన మన జనం చేత ఫీజు కట్టించడం ఎంత కష్టమో నాకన్నా మీకే బాగా తెలుసు. ఇది ఆవిడని అడగకుండా తీసుకునే నిర్ణయమా? సలహాదారుగా నమోదవడానికి కావాల్సిన ఎన్ఐఎస్ఎం 10ఏ, 10బీ పరీక్షలు ఇప్పుడే రాసుకోండి. దానివల్ల కమీషన్‌కేమీ నష్టం లేదు. ఈలోగా ఏడాది ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టండి. అది నిండాక, ఆవిడ సరేనంటేనే నమోదు సంగతి.

ఈ ఒక్క ఆదివారం రిహార్సల్‌కి రానని చెప్పండి. పొద్దున్నే ఇద్దరూ బీచ్ రోడ్డు మీద తెన్నేటి పార్కు వైపు నడవండి. ఇంటికొచ్చాక గత ఏడాది రాబడి నెలనెలా కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టండి. తగ్గిన నెలలు దాచకండి. ఆవిడ ప్రశ్నలు వేస్తే క్లయింటుకి చెప్పినంత ఓపిగ్గా చెప్పండి, "నీకు తెలీదులే" అనొద్దు. ఆ తర్వాతే నాటకం మాట. వారానికి ఎన్ని గంటలు, ఏ రోజు అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. మార్చిలో టాక్స్ సేవింగ్ హడావిడి ఉంటుంది కాబట్టి ఆ నెల వేషాలు ఒప్పుకోకండి.

తర్వాతి ప్రదర్శన తేదీ ఖాయం కాగానే ఆవిడకి చెప్పండి. రమ్మని మాత్రం బలవంతం చేయొద్దు. అన్నట్టు, ఆ గలీబు ఇంకా ఉతక్కపోతే మీరే ఉతకండి.