ఒమాహాలో "మట్టి మార్చేశారు" అన్న పాత ఇంట్లో చిన్న బాబుతో దిగొచ్చా?

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో, తూర్పు వైపు మీకు పాత ఇల్లు అద్దెకు దొరికిందన్నారు. సీసం ఉన్న మట్టి ఎప్పుడో తీసేశారని ఓనర్ కాగితం చూపించాడు, ఏడాదిన్నర బాబుతో దిగొచ్చా అని అడిగారు. ఆ కాగితం ఒక్కటే చూసి దిగకండి. మేం అలాంటి ఇంట్లోనే ఉన్నాం.

మిస్సోరీ నది ఒడ్డున అసార్కో వాళ్ళ సీసం కరిగించే ఫ్యాక్టరీ 1870ల నుంచి 1997 దాకా నడిచింది. ఆ పొగగొట్టాల దుమ్మంతా తూర్పు ఒమాహా మీద పడింది. 2003లో ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) ఆ ప్రాంతాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే బాగా కలుషితమై శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో చేర్చింది. 13 వేలకు పైగా ఇళ్ళ దగ్గర మట్టి తవ్వి కొత్తది పోయించింది. చిన్న పని కాదది. కానీ తవ్వాలా వద్దా అన్న గీత 400 పీపీఎం (మట్టిలో పది లక్షల పాళ్ళకు 400 పాళ్ళ సీసం) దగ్గర గీశారు. 390 వస్తే ఆ మట్టి అలాగే ఉండిపోతుంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. పిల్లల రక్తంలో సీసం డెసీలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు అనుకున్న రోజుల్లో కట్టిన లెక్క ఆ 400. రక్తం హద్దును 2012లో 5కి, 2021లో 3.5కి దించారు. మట్టి హద్దు మాత్రం కదల్లేదు. 2024 జనవరిలో ఈపీఏ 200 అనేసరికి ఒమాహాలో తవ్వకాలు దాదాపు అయిపోయాయి. కాలిఫోర్నియాలో ఇళ్ళ మట్టికి 80 దాటితే చాలు, ఆలోచనలో పడతారు. పిల్లలు అక్కడా ఇక్కడా ఒకటే కదా!

మా పాపకు ఏడాది పరీక్షలో వేలి చుక్క రక్తంలో 6 వచ్చింది, నరం నుంచి తీస్తే 5. ఇంటికొచ్చిన నర్సు ముందు పసుపు, కుంకుమ, కాటుక గురించి అడిగింది. మిమ్మల్ని అడిగినా బాధపడకండి, న్యాయమైన ప్రశ్నే. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు కలిపే మోసం నిజంగానే ఉంది. మా డబ్బాలో ఏమీ తేలలేదు. తేలింది చూరు కింద మట్టిలో, కిటికీల నుంచి రాలే పెయింటు పెచ్చుల్లో. కొత్త మట్టి పోసిన నడి పెరడు బాగానే ఉంది. గోడ పక్కన మూరెడు మేర 350 వచ్చింది, అంటే 400 లోపే. ఎవరూ రూలు తప్పలేదు, అయినా పాప ఒంట్లోకి సీసం చేరింది. ఓనర్‌ని అడిగితే కాగితమే మళ్ళీ చూపించాడు.

అందుకే "క్లీన్ చేశారా" అని కాదు, "ఎంత వచ్చింది" అని అడగండి. నగరం వాళ్ళ లెడ్ రిజిస్ట్రీలో అడ్రసు కొట్టి, ఏ భాగం తవ్వారో, ఏది వదిలేశారో ఆరా తీయండి. అది చాలదు. చూరు కింద, బాబు ఆడే చోట, మెట్ల పక్కన మట్టి విడివిడిగా తీసి ల్యాబుకు పంపండి. ఇల్లు 1978కి ముందుదైతే సీసం పెయింటు ఉండొచ్చు. దాని గురించి ఓనర్‌కు తెలిసింది చెప్పి తీరాలని కేంద్ర చట్టం ఉంది, రాతపూర్వకంగానే అడగండి.

మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు పెరట్లో గోంగూర, తోటకూర వేద్దామన్నారు. కొన్న మట్టితో తొట్లలో వేశాం, బాగా కాసింది. ఆకుకూరలకు అంటిన దుమ్ము ఒక పట్టాన పోదు, నేలలో మాత్రం వేయకండి. చెప్పులు గడప బయటే వదలడం మనకు ఎలాగూ అలవాటు, షూలకు కూడా అదే రూలు పెట్టండి. కిటికీ అంచులు పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పాలు, పెరుగు, రాగిజావ తగ్గించకండి. కాల్షియం, ఐరన్ తక్కువైన ఒంట్లోకి సీసం ఎక్కువ చేరుతుంది. చూరు కింద మందంగా చెక్కపొట్టు పరిచి, కిటికీలు బాగు చేయించాక మా పాపకు తర్వాతి పరీక్షలో 3 లోపు వచ్చింది.

ఇవన్నీ చేసే ఓపిక, తీరిక లేకపోతే వేరే ఇల్లు చూసుకోవడమే మంచిది. దిగేటట్టయితే బాబుకు రక్త పరీక్ష ఇల్లు మారకముందే ఒకసారి చేయించండి. తర్వాత వచ్చే అంకెను దేనితో పోల్చాలో అప్పుడు మీ చేతిలో ఉంటుంది.