మరణానికి ఆత్మీయంగా సిద్ధపడాలంటే క్రైస్తవుడు ఏం చేయాలి?

ముందు తేల్చుకోవాల్సింది రక్షణ నిశ్చయత, అంటే పాపాలు క్షమించబడి నిత్యజీవం దొరికిందన్న నమ్మకం. చాలామంది ఇక్కడే తడబడతారు: బాప్తిస్మం తీసుకున్నాం, కానుకలు ఇస్తున్నాం, చాలనుకుంటారు. ఎఫెసీ 2:8-9 ప్రకారం రక్షణ కృపచేత, విశ్వాసం ద్వారా కలిగేది, క్రియలవల్ల కాదు. యేసు పక్కన సిలువ వేయబడిన దొంగకు మంచిపనులు చేసే వ్యవధే లేదు, అయినా ఆ రోజే నాతోకూడ పరదైసులో (పరలోకంలో) ఉంటావన్న మాట యేసు నుంచి పొందాడు (లూకా 23:43). అలాగని చివరి గంటదాకా వాయిదా వేయకండి, అప్పుడు స్పృహ ఉంటుందన్న హామీ లేదు.

తర్వాత పాపాలను పేరుపేరునా ఒప్పుకోండి (1 యోహాను 1:9). “అన్నీ క్షమించు ప్రభువా” అని దాటేయకుండా, ఎవరి డబ్బు ఎగ్గొట్టారో, ఎవరితో మాటలు మానేశారో చెప్పండి. ఆ డబ్బు తిరిగిచ్చేయండి, ఆ మనిషి దగ్గరికి వెళ్ళండి. మత్తయి 5:23-24 అర్పణకంటే సమాధానపడటాన్నే ముందుంచింది.

భయం వేస్తే విశ్వాసం లేదని కుంగిపోవద్దు. గాఢాంధకారపు లోయలోనూ దేవుడు తోడుంటాడని చెప్పే 23వ కీర్తన ఎవరిచేతనైనా బిగ్గరగా చదివించుకోండి.